నిద్ర మందు అడిగే ముందు



"హకీం సాబ్, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏదైనా మంచి ఖమీరా ఉంటే ఇవ్వండి." దవాఖానాలో కూర్చున్న రోజున ఈ మాట వినకుండా నేను ఇంటికి వెళ్లడం అరుదు. మాట ఒకటే, కానీ దాని వెనక ఉన్న జబ్బు ఒకటి కాదు. ఒకే సాయంత్రం వరసగా ముగ్గురు వచ్చి ఇదే మాట అన్నారు. మొదటాయన రిటైరైన మాస్టారు. రాత్రి 2 గంటలకు మెలకువ వచ్చేస్తుంది, ఆ తర్వాత గోడ గడియారం చూస్తూ ఫజర్ అజాన్ కోసం ఎదురుచూడటమే. రెండో ఆయన పెరియమేటలో తోళ్ల వ్యాపారి. పది గంటలకే పడుకుంటారు, ఎనిమిది గంటలు మంచం దిగరు, అయినా జుమా నాడు ఖుత్బా మొదలుకాగానే తల వాలిపోతుంది. మూడో ఆవిడ ముప్పై ఏళ్ల ఇల్లాలు. నడుము వాల్చగానే పిక్కల్లో ఏదో పాకినట్లు ఉంటుందట, లేచి నాలుగడుగులు వేస్తేగాని తగ్గదట.

ముగ్గురికీ ఒకే సీసా చేతికిచ్చి పంపితే ఏమవుతుంది? ఒకరికి కాస్త మేలు జరగవచ్చు. ఒకరికి డబ్బు దండుగ. ఒకరికి మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. యునానీలో నిద్రకు మంచి మందులు లేవని నేను అనను. నా జీవితమంతా ఆ మందులతోనే గడిచింది. నేను చెప్పేది ఒక్కటే. మందుకన్నా ముందు రోగం పేరు తెలియాలి, తెలిశాక అది మన చేతిలోది కాకపోతే ఆ మాట రోగికి ముఖం మీదే చెప్పాలి.

మన వైద్యంలో ఆరోగ్యానికి ఆరు ఆధారాలు. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు: గాలి, అన్నపానీయాలు, శరీరం కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, నిలుపుకోవడం-విసర్జించడం. నిద్రను అన్నంతో సమానంగా కూర్చోబెట్టారు మన పెద్దలు. నిద్రలేమికి వారు పెట్టిన పేరు 'సహర్'. చాలామంది దీన్ని రంజాన్ సహరీతో కలిపి పొరబడతారు. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి గాని అరబీలో అక్షరమే వేరు. ఇది మేలుకొని ఉండటం, అది తెల్లవారుజాము. ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో నిద్రలేమికి ముఖ్య కారణంగా చెప్పింది మెదడులో వేడి, ఖుష్కీ, అంటే పొడిబారడం. దాంతోపాటు నొప్పి, దిగులు, అరగని భోజనం కూడా కారణాలేనన్నాడు. వెయ్యేళ్ల కిందటి మాట. ఇవాళ్టి డాక్టరుగారు కూడా మొదట అడిగేది ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందా, మనసులో దిగులుందా, రాత్రి ఏం తిన్నారు అనే.

ముందు ఆ తోళ్ల వ్యాపారి సంగతి చెబుతాను, ఎందుకంటే అలాంటి మనిషి విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట ఒకాయన ఇదే బాధతో వచ్చారు. లావుపాటి మనిషి, పొట్టి మెడ, పగలంతా మత్తు. నాడి చూసి బల్గమీ మిజాజ్ అని నిర్ణయించి, మెదడులో కఫం చేరిందని ఎనిమిది నెలలు మందులిచ్చాను. ఇత్రీఫల్ ఇచ్చాను, ఉస్తుఖుద్దూస్ ఇచ్చాను. ఆయనకేమీ తగ్గలేదు. ఒకరోజు ఆయన భార్య వచ్చి, "ఆయన గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆపేస్తారు హకీం సాబ్, నేను భుజం పట్టి కుదుపుతాను, అప్పుడు గట్టిగా గాలి పీల్చుకుంటారు" అంది. ఎనిమిది నెలల్లో నేను అడగవలసిన ప్రశ్న అదే, అడగలేదు. పక్కన పడుకునే మనిషిని పిలిచి మాట్లాడనే లేదు. ఆస్పత్రికి పంపేసరికి బీపీ బాగా పెరిగి ఉంది. అల్లాహ్ దయ వల్ల బతికి బయటపడ్డారు గాని ఆ ఎనిమిది నెలలు ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉన్నాయి.

ఈ జబ్బును ఇంగ్లీషు వైద్యంలో స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు వెనక కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు మొదలుకొని ఒక్కోసారి నిమిషం దాకా ఊపిరి ఆడదు. రక్తంలో ప్రాణవాయువు పడిపోగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. అతనికి ఆ మెలకువ గుర్తుండదు. గంటకు 5 సార్లు దాటితే జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రం. అంటే రెండు నిమిషాలకొకసారి ఎవరో గొంతు నొక్కి వదిలినట్లు. ఎనిమిది గంటలు పడుకున్నా అది నిద్ర ఎలా అవుతుంది? బీపీ, గుండె లయ తప్పడం, పక్షవాతం దీని వెంట వస్తాయి. గురకను మన ఇళ్లలో గాఢనిద్రకు గుర్తు అనుకుంటాం, పిల్లలు నవ్వుకుంటారు. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగడం, పగటి మత్తు, పొద్దున్నే తలనొప్పి, చొక్కా కాలర్ 16 అంగుళాలు దాటడం కలిసి కనిపిస్తే నవ్వకండి, పరీక్ష చేయించండి. సన్నగా ఉన్నవారికి రాదనుకోకండి. చిన్న దవడ ఉన్నవారికీ వస్తుంది. టాన్సిల్స్ పెరిగి నోరు తెరుచుకొని గురకపెట్టే పిల్లల్ని కూడా ముక్కు-చెవి-గొంతు డాక్టరుకు చూపించండి.

దీనికి రాత్రంతా ముక్కు ద్వారా గాలి ఊది గొంతును తెరిచి ఉంచే యంత్రం ఉంది. సిపాప్ అంటారు. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు దాన్ని లోకానికి చూపాడు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి. మన నుస్ఖాలలో మూసుకుపోయే గొంతును రాత్రంతా తెరిచి ఉంచే మందు లేదు. కలౌంజీ నూనె ముక్కులో వేస్తే గురక పోతుందనీ, హిజామాతో పోతుందనీ చెప్పేవారున్నారు. హిజామా సున్నతే, నేనూ చేస్తాను, కానీ దీనికి కాదు. పైగా ఈ మనిషికి నిద్రమాత్ర ఇస్తే ఉన్న ప్రమాదం పెరుగుతుంది. మత్తులో గొంతు ఇంకా సడలుతుంది, లేపవలసిన మెదడు ఆలస్యంగా లేస్తుంది. ముగ్గురిలో ఒకరికి ప్రాణం మీదికి రావచ్చన్నది అందుకే.

ఇంకో మాట. ముహర్రంలో నెల్లూరు రొట్టెల పండుగకు మనవాళ్లు చెన్నై నుంచి అర్ధరాత్రి బయలుదేరుతారు, ట్రాఫిక్ ఉండదని. కారు నడిపే తమ్ముడు పగలంతా కొట్లో కునికిపాట్లు పడేవాడైతే అతన్ని ఆ వేళ 16వ నంబరు జాతీయ రహదారి మీద స్టీరింగు ముందు కూర్చోబెట్టకండి. తెల్లవారాక వెళ్లినా బారా షహీద్ దర్గా అక్కడే ఉంటుంది.

పిక్కలు పాకే ఆవిడది పొడుగు కథ కాదు. రక్తపరీక్షలో ఇనుము నిల్వ అడుగంటి ఉంది. గర్భిణీలలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో కూడా ఇలా ఉంటుంది. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలతో మూడు నెలల్లో కుదుటపడింది. అత్తగారు అంతకుముందు ఏడాదిపాటు కోడలు పని తప్పించుకోవడానికి వంకలు పెడుతోందని అనుకున్నదట.

ఇక మాస్టారు. ఆయన సంచిలోంచి ఒక అల్ప్రజోలం స్ట్రిప్ బయటికి తీశారు. బేగం చనిపోయినప్పుడు ఒక డాక్టరు రెండు వారాలకని రాశారట. మాస్టారు తొమ్మిదేళ్లుగా వాడుతున్నారు. ఒకటి రెండైంది, రెండూ పనిచేయడం మానేశాయి. ఇలాంటి మాత్రలను ప్రభుత్వం 2014 మార్చి నుంచి హెచ్1 జాబితాలో పెట్టింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవారి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. చట్టం అలా ఉంది. కానీ తెలిసిన కొట్టు, తెలిసిన ముఖం అయితే స్ట్రిప్ చేతికొచ్చేస్తుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ముసలివారిలో ఈ మాత్రల వల్ల రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరగడం, మతిమరుపు ఎక్కువ కావడం చూస్తూనే ఉన్నాం.

మాస్టారు నన్నడిగింది, "ఈ ఇంగ్లీషు మాత్ర ఇవాళే పారేసి మీ మందు మొదలుపెట్టమంటారా?" అని. వద్దన్నాను. ఏళ్ల తరబడి వాడిన ఈ మాత్రను ఒక్కసారిగా ఆపితే ఒళ్లు వణుకు, గుండెదడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చేతిలోనే కొంచెం కొంచెంగా, నెలల మీద తగ్గించాలి. ఆయన్ను మళ్లీ డాక్టరు దగ్గరికే పంపి, పక్కన నా వంతు నేను చేశాను.

ఆ వంతు ఏమిటో చెబుతాను. పడుకునే ముందు పాషోయా, అంటే గోరువెచ్చని నీళ్లలో పావుగంట పాదాలు ఉంచడం. మన తాతలు చేసిందే. పాదాల్లో రక్తనాళాలు విచ్చుకుని ఒంటి లోపలి వేడి బయటికి పోతే నిద్ర త్వరగా వస్తుంది. పాదాలు వెచ్చగా ఉన్నవారికి నిద్ర తొందరగా పడుతుందని 1999లో స్విట్జర్లాండు పరిశోధకులు 'నేచర్' పత్రికలో రాశారు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం నీటి వేడిని ఇంట్లో మరొకరి చేత చూపించుకోవాలి, కాలితే తెలియదు. తర్వాత మాడుకు రోగనె లబూబె సబా, అంటే బాదం, పిస్తా, అక్రోటు, నువ్వుల వంటి ఏడు పప్పుల నూనె. లేదా రోగనె కాహూ, రోగనె కద్దూ. మెల్లగా పది నిమిషాల మర్దన. ఇది ఖుష్కీ మిజాజ్ ఉన్నవారికి, దిగులుతో నిద్ర చెడినవారికి హాయినిస్తుంది. ఈ నూనెలతో వందల మందిని చూశాను, హాని చూడలేదు. కానీ తొమ్మిదేళ్ల మాత్రను ఈ నూనె ఒక్కటే మాన్పించిందని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

ఖమీరా గావ్‌జబాన్ వంటివి మంచివే గాని అవి చక్కెర పాకంలో చేసినవి. మన ఇళ్లలో యాభై దాటినవారిలో షుగరు లేనివారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉదయం షుగరు మాత్ర, రాత్రి ఖమీరా! షుగరు పెరిగితే రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవాలి, మళ్లీ నిద్ర రాలేదని ఖమీరా. ఈ చక్రం నేను చాలా ఇళ్లలో చూశాను.

అస్రోల్, అంటే సర్పగంధ, ఇంకా జాగ్రత్తగా వాడవలసింది. హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో సలీముజ్జమాన్ సిద్దీఖీ దాని మీద పనిచేసి 1931లో ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆయన పేరు మీదనే అజ్మలీన్ అని పెట్టారు. మన వైద్యానికి అది గర్వకారణం. కానీ అదే వేరు బీపీని పడగొడుతుంది, కొందరిలో దిగులును పెంచుతుంది. ఇప్పటికే బీపీ మాత్ర వేసుకునేవారు, మనసు బాగాలేనివారు సొంతంగా దాని జోలికి వెళ్లకూడదు. అస్గంద్ కూడా అంతే. ఇప్పుడు ప్రతి మందుల కొట్టులోనూ అశ్వగంధ గుళికలు దొరుకుతున్నాయి. కొందరికి కొంత మేలు కనిపించిన మాట నిజమే. గర్భిణీలు, థైరాయిడ్, కాలేయం జబ్బు ఉన్నవారు దూరంగా ఉండాలి.

షర్బతె ఖష్‌ఖాష్ గురించి ఒక హెచ్చరిక. గసగసాలు మన వంటింట్లో మామూలు సరుకు. ఎమిరేట్స్‌లో, సౌదీలో, సింగపూర్‌లో అవి నిషిద్ధం. దుబాయిలో ఉన్న కొడుక్కి నిద్ర పట్టడం లేదని ఆ షర్బత్తో, గసగసాల పొట్లమో సూట్‌కేసులో పెట్టి పంపే తల్లులున్నారు. విమానాశ్రయంలో పట్టుబడితే ఆ అబ్బాయి ఉద్యోగం కాదు, జైలు సంగతి ఆలోచించుకోవాలి. ఇక పాత గ్రంథాల్లో గసగసాల కాయ తొక్క, అఫీము కలిపిన నిద్రమందులు ఎన్నో ఉన్నాయి. మన దేశంలోనే అవి 1985 మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. ఎవరైనా "అసలు పాత నుస్ఖా" అని చాటుగా ఇస్తే తీసుకోకండి.

మా వృత్తిలోని మరో మచ్చ కూడా చెప్పాలి. మూలికల చూర్ణమని చెప్పి అందులో ఇంగ్లీషు నిద్రమాత్ర నూరి కలిపేవారున్నారు. మూలికలు మొదటి రాత్రే అరగంటలో మనిషిని పడగొట్టవు. అలా పడగొట్టిందంటే అనుమానించండి. పేరు, తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు నంబరు లేని పొట్లం ఇంటికి తెచ్చుకోకండి. తిరువాన్మియూరులో 1944 నుంచి నడుస్తున్న వైద్యుల సహకార ఫార్మసీ ఇంప్‌కాప్స్ ఉంది. రాయపురంలో కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధనా సంస్థ, అరుంబాక్కంలో ప్రభుత్వ యునానీ కాలేజీ ఉన్నాయి. ఇన్ని ఉన్న నగరంలో పేరులేని పొట్లంతో పనేమిటి?

మాత్ర, మూలిక రెండూ కాని చికిత్స ఒకటి ఉంది. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఇవ్వవలసింది మందు కాదు, అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే చికిత్స అని అమెరికా వైద్యుల సంఘం 2016లో తేల్చింది. దాని సారం ఇది. రోజూ ఒకే వేళకు లేవాలి, రాత్రి ఎంత చెడినా సరే. మంచం నిద్రకే. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చుని, మళ్లీ కళ్లు బరువెక్కినప్పుడే మంచం ఎక్కాలి. గడియారం కనబడకూడదు. నిద్ర వచ్చేది అయిదు గంటలే అయితే ఎనిమిది గంటలు దొర్లకుండా, మంచం మీద గడిపే సమయాన్ని తగ్గించి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మూర్ఛ ఉన్నవారు, డ్రైవర్లు ఈ చివరిది డాక్టరును అడిగే చేయాలి. మాస్టారి గోడ గడియారాన్ని నేను ముందుగదిలోకి మార్పించాను. మొదటి పది రోజులు నన్ను తిట్టుకున్నారట.

ఒకే వేళకు లేవడం అనేది మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. చెన్నైలో ఏడాది పొడవునా ఫజర్ వేళ గంటకు మించి అటూఇటూ కాదు. లండన్‌లో ఉన్న మన పిల్లలకు జూన్‌లో ఇషాకూ ఫజర్‌కూ మధ్య నాలుగైదు గంటలు కూడా మిగలవు, వారి కష్టం వేరు. ఇక్కడ మనకు ఇషా తొమ్మిది లోపే అయిపోతుంది. పదింటికి పడుకుంటే ఫజర్‌కు ఏడు గంటలు దగ్గర దగ్గర పూర్తవుతాయి, పెద్దలకు అంత నిద్ర కావాలనే వైద్యులూ అంటున్నారు. ఇషా తర్వాత కబుర్లు ప్రవక్త (స) ఇష్టపడలేదని మనందరికీ తెలిసిందే. మరి మన పెళ్లి దావతులో? రాత్రి పదకొండుకు బిర్యానీ దేగ్ మూత తీస్తారు. పసిపిల్లలు కుర్చీల్లో నిద్రపోతుంటారు, షుగరు ఉన్న పెద్దవారు ఆ వేళకు తిని ఇంటికెళ్లి పొట్ట పట్టుకు కూర్చుంటారు. జమాత్ పెద్దలు మహల్ బుక్ చేసేటప్పుడే తొమ్మిదికి భోజనం ముగియాలని షరతు పెడితే, నా మందులన్నిటికన్నా ఎక్కువమందికి నిద్ర పడుతుందని నా నమ్మకం.

రంజాన్‌లో తరావీహ్ తర్వాత ట్రిప్లికేన్ వీధుల్లో సహరీ దాకా తిరిగే కుర్రవాళ్లు పగలంతా పడుకుంటారు. పండగయ్యాక నెల దాకా వారి నిద్ర గాడిన పడదు. మధ్యాహ్నం ఖైలూలా మంచిదే, ఇరవై ముప్పై నిమిషాలు. రెండు గంటలైతే రాత్రి నిద్రలోంచి అప్పు తెచ్చుకున్నట్లే. అసర్ తర్వాత టీ వద్దు, తాగిన టీలో సగం ప్రభావం అయిదారు గంటల దాకా ఒంట్లో ఉంటుంది. కత్తిరి వెయిల్ రోజుల్లో పడుకునే ముందు స్నానం చేయండి. వేలు పోసి ఫోం పరుపు కొన్నా నిద్ర రాలేదని ఒకాయన వాపోయారు. తరతరాలుగా ఊరందరికీ దూది ఏకి పరుపులు కుట్టిచ్చిన మన నూర్‌బాషా సోదరుల పరుపు మీద పడుకున్నవారికి కనీసం చెమట అయినా పట్టేది కాదు!

చివరగా, నాకు చాలా ఆందోళన కలిగించే విషయం. నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్లు, కళ్లు తెరుచుకున్నా వేలు కదపలేనట్లు, గొంతు పెగలనట్లు కొందరికి అవుతుంది. ఆడపిల్లలు భయపడి చెబితే ఇంట్లో వెంటనే అసర్ అనో, జిన్ను అనో అంటారు. తావీజు కోసం పరుగు. మన హకీములు దీనికి 'కాబూస్' అని పేరు పెట్టి, 10వ శతాబ్దంలోనే ఒంటికి సంబంధించిన జబ్బుగా రాశారు. బుఖారా వైద్యుడు అఖవైనీ పొట్టలోంచి పైకి లేచే ఆవిరులు కారణమన్నాడు. కారణం చెప్పడంలో పొరబడి ఉండవచ్చు, కానీ అతను జిన్నును పిలవలేదు, మందు రాశాడు. కలలు వచ్చే నిద్రలో కండరాలు సహజంగా కదలకుండా ఉంటాయి. మెలకువ వచ్చినా ఆ పట్టు కాసేపు వదలకపోతే ఇలా అవుతుందని ఇవాళ తెలుసు. నిద్ర చాలకపోయినా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువవుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. కుడిపక్కకు తిరిగి, దుఆ చదువుకుని పడుకోమనండి, వేళకు పడుకోనివ్వండి. పగలే ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోవడం, నవ్వితే మోకాళ్లు సడలిపోవడం కూడా ఉంటే నరాల డాక్టరుకు చూపించండి.

అయితే రాత్రులు అసలు నిద్రే లేకుండా, అయినా అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ తిరుగుతున్నా, లేదా ఎవరితోనూ మాట్లాడక, బతకాలని లేదంటున్నా అది నిద్ర జబ్బు కాదు, మనసు జబ్బు. వెంటనే మానసిక వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. దుఆ చేయవద్దని నేను అనను. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా ఊళ్లో నడిచిన ఒక షెడ్డులో తెల్లవారుజామున మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కదలలేక కాలిపోయారు. వారిని అక్కడికి తెచ్చినవారు కన్నవారే, ప్రేమతో, నయమవుతుందనే ఆశతోనే తెచ్చారు. కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. అక్కడికి వెళ్లడంలో పరువు తక్కువ ఏమీ లేదు.

మాస్టారు ఇప్పుడు మాత్రలో పావు వంతుకు దిగారు. తోళ్ల వ్యాపారికి పరీక్షలో గంటకు 41 సార్లు ఊపిరి ఆగుతోందని తేలింది, యంత్రం తెచ్చుకున్నారు. మీరు నా దగ్గరికి గాని, మరే హకీం లేదా డాక్టరు దగ్గరికి గాని నిద్ర కోసం వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రండి, షుగరు మాత్రలు, ఎవరో ఇచ్చిన పొట్లాలు సహా. రెండు వారాలపాటు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో ఒక కాగితం మీద రాసుకుని రండి. మీ గదిలో పడుకునే మనిషిని కూడా వెంట తీసుకురండి.